మామగారి ఎర్రగీత

బిల్లు అనే కాగితం ఏదైనా సరే, మామగారి చేతిలో పడిందంటే దాని మీద ఒక ఎర్రగీత పడి తీరాల్సిందే. ముప్పైరెండేళ్లు ఒక పెద్ద ఆఫీసులో బిల్లులు పాస్ చేసే సెక్షన్లో కూర్చున్న మనిషాయె! ఆ సెక్షన్లో ఒక ఆనవాయితీ ఉండేది. ప్రతి బిల్లులోనూ ఏదో ఒక పద్దు కొట్టేయాలి. కొట్టేయకపోతే బిల్లు చదవలేదని పైవాళ్లు అనుకుంటారు. అందుకని అందరూ చదవకుండానే కొట్టేసేవారు.

రిటైరయ్యాక కుర్చీ పోయింది, బల్ల పోయింది, అడక్కుండానే టీ తెచ్చే ప్యూనూ పోయాడు. ఎర్ర పెన్ను మాత్రం జేబులో ఇంటికొచ్చింది. కింది వాటాలో ఆయనా, భార్యా. పై వాటాలో కూతురూ, అల్లుడూ. గోడలకు ఏ రంగు వేయాలో ఆయన్ని ఎవరూ అడగలేదు. మనవరాలిని ఏ బళ్లో వేయాలో అడగలేదు. చివరికి సోఫా ఎటు తిప్పాలో కూడా ఆయన నిద్రపోతున్నప్పుడే తేల్చేశారు. అడిగేది ఒక్కటే, అల్లుడి కారు బాగుచేయిస్తే ఆ బిల్లు న్యాయమా, అన్యాయమా అని. ఏడాదికి రెండుసార్లు. ఆ రెండు రోజులూ ఆయన ఇంటిపెద్ద. మిగిలిన రోజుల్లో పేపరు చదివి మడతపెట్టే మనిషి.

ఆ ఉదయం అల్లుడు డబ్బు కవరు చేతికిచ్చాడు. "క్లచ్ పోయిందట మావయ్యగారూ. పద్నాలుగు వేల ఆరువందలంటున్నారు. నాకు ఈ లెక్కలేం తెలుస్తాయి చెప్పండి, మీరే ఓసారి..."

"నేనున్నాగా బాబూ. నా దగ్గర వాళ్ల పప్పులుడకవు."

భార్య వంటింట్లోంచి తొంగిచూసింది. "ఇస్త్రీ చొక్కా వేశారంటే పెద్దమనిషైపోయారన్నమాటే. వచ్చేదార్లో ఆ కళ్లజోడు కూడా మార్పించుకోండి. డబ్బు పక్కన పెట్టి నెలయింది."

మామగారు పర్సు తడుముకుని బయల్దేరారు. దారి పొడవునా మనసులో ఒకటే సంబరం. ఆరేళ్లలో పన్నెండు బిల్లులు, పన్నెండు ఎర్రగీతలు. గీత పడ్డ ప్రతిసారీ షెడ్డు మెకానిక్ తల పట్టుకుని "మీతో పెట్టుకుంటే నేను షెడ్డు మూసుకోవాల్సిందే సార్!" అని లబోదిబోమనేవాడు. ఆ మాటను ఆయన ఇంటికి మోసుకొచ్చి, మెకానిక్ గొంతుతో సహా భోజనాల దగ్గర వినిపించేవారు.

తీరా వెళ్తే మెకానిక్ లేడు. నడుము ఆపరేషనై ఇంట్లో పడుకున్నాడట. అతని స్టూలు మీద అతని కూతురు కూర్చుని ఉంది. మోచేతుల దాకా గ్రీజు, జుట్టుకు కట్టిన పాతగుడ్డ. ఆడపిల్ల, పైగా చిన్నపిల్ల. ఈరోజు వెయ్యికి తక్కువ కొట్టకూడదని మామగారు అక్కడికక్కడే తీర్మానించేశారు.

బిల్లు చేతికొచ్చింది. అలవాటు కొద్దీ ఆయన కళ్లు తిన్నగా అడుగుకు వెళ్లాయి. అక్కడ ఎప్పుడూ "ఇతర ఖర్చులు" అని ఒక వరస ఉండేది. గీత పడేదీ దానిమీదే. ఈసారి ఆ వరసే లేదు. ఒక్క క్షణం తడబడ్డారు కానీ, పెన్ను ఊరుకుంటుందా? "ఫిల్టర్లు, తొమ్మిదివందలు" దొరికింది. సర్రున గీసేశారు.

"అదెందుకు కొట్టేశారు బాబాయ్‌గారూ?" అంది అమ్మాయి.

ముప్పైరెండేళ్ల సర్వీసులో, ఆరేళ్ల రిటైర్మెంటులో ఆ ప్రశ్న ఆయన్ని ఎవరూ అడగలేదు.

"ఎందుకేంటమ్మా. ఎక్కువ."

"ఎంత ఎక్కువ?"

"అంటే... ఉండాల్సిన దానికన్నా."

అమ్మాయి విసుక్కోలేదు. లేచి కారు డిక్కీ తెరిచింది. అందులో ఒక ట్రే నిండా పాత సామాను. అరిగిపోయిన క్లచ్ ప్లేటు తీసి ఆయన చేతిలో పెట్టింది, కొత్తది ఎంత మందం ఉంటుందో వేళ్లతో చూపించింది. మసిబారిన ఫిల్టర్లు రెండూ తట్టి చూపించింది. ఆయిల్ డబ్బాలు కూడా ఖాళీవి అలాగే ఉంచింది. "ఈ కారుకి ఆయిల్ మూడున్నర లీటర్లు. మరో లీటరు ఎక్కువ పోస్తే ఇంజనే పాడవుతుంది. ఇదిగో సామాను ధరల కాగితం. ఏది ఎక్కువో వేలు పెట్టి చూపించండి, తీసేస్తాను."

మామగారు బిల్లును మొదటి వరస నుంచి చివరి వరస దాకా చదివారు. ఆశ్చర్యమేమిటంటే, బిల్లును అలా చదవడం ఆయన జీవితంలో అదే మొదటిసారి. వేలు పెట్టడానికి ఎక్కడా సందు దొరకలేదు.

"మీ నాన్నయితే ఇలా అడ్డం మాట్లాడేవాడు కాదమ్మా," అన్నారు చివరికి.

"తెలుసండీ. నిన్ననే చూశాను." అమ్మాయి అరలోంచి నూనె మరకల నోటుపుస్తకం ఒకటి తీసింది. "ఇదిగో, పోయినసారిది. 'అసలు బిల్లు ఎనిమిది వేల రెండువందలు. పెద్దాయన గీతకి తొమ్మిదివందలు. మొత్తం తొమ్మిది వేల నూరు.' అంతకు ముందుది కూడా అంతే. మీరు కొట్టేయడానికి మా నాన్న ఆ వరస ముందే రాసిపెట్టేవాడు బాబాయ్‌గారూ. పాపం, మీరూ ఒక్కసారన్నా గురి తప్పలేదు."

మామగారికి తల కొట్టేసినట్టయింది. పుస్తకం లాక్కుని పేజీలు తిప్పారు. పన్నెండుసార్లు. పెద్దాయన గీతకి, పెద్దాయన గీతకి, పెద్దాయన గీతకి. భోజనాల దగ్గర తను చెప్పిన పన్నెండు కథలూ, అల్లుడు కొట్టిన చప్పట్లూ, మనవరాలు "తాతయ్యా, మళ్లీ చెప్పు" అనడమూ వరసగా గుర్తొచ్చాయి. ఇప్పుడు గీత లేని బిల్లు పట్టుకుని ఇంటికెళ్తే? మరుసటిసారి అల్లుడు తనే వచ్చి కట్టేస్తాడు. ఆ రెండు రోజులు కూడా పోతాయి. అప్పుడు మిగిలేది పేపరొక్కటే.

చుట్టూ చూసి, గొంతు తగ్గించారు. "అమ్మాయ్, ఆ ఇతర ఖర్చులేవో ఓ తొమ్మిదివందలు రాయకూడదూ?"

"రాసి?"

"నేను కొట్టేస్తాను."

అమ్మాయి నోటుపుస్తకం తీసుకుని మళ్లీ అరలో పెట్టింది. "నా వల్ల కాదు బాబాయ్‌గారూ. ఉన్నవి రాయడానికే టైం చాలట్లేదు, లేనివెక్కడ రాయను? కావాలంటే ఆ ఫిల్టర్ల మీద గీత అలాగే ఉంచుకోండి. డబ్బు మాత్రం పూర్తిగా ఇవ్వండి."

మామగారు బిల్లు మడిచి జేబులో పెట్టుకున్నారు. కవరులోంచి పద్నాలుగు వేల ఆరువందలూ లెక్కపెట్టి ఇచ్చారు. తర్వాత వీధి మలుపులో కారాపి, తన పర్సులోంచి తొమ్మిదివందలు తీసి ఖాళీ కవరులో పెట్టారు.

ఇంట్లో పండగే పండగ! ఎర్రగీత ఉన్న బిల్లునీ, మిగిలిన తొమ్మిదివందల్నీ చూసి అల్లుడు పొంగిపోయాడు. "మీతో పెట్టుకుంటే వాళ్లు షెడ్డు మూసుకోవాల్సిందే మావయ్యగారూ!"

"ఏదో, అలవాటు," అన్నారు మామగారు. ఈసారి మెకానిక్ గొంతు అనుకరించలేదు.

"కళ్లజోడేదీ?" అంది భార్య.

"ఇంకో రెణ్ణెల్లు ఆగుదాం. బాగానే కనపడుతోందిలే."

ఆవిడ ఆయన పర్సు వంక ఒకసారి, మొహం వంక ఒకసారి చూసి లోపలికెళ్లిపోయింది.

అల్లుడి నోరు ఊరుకుంటుందా? మర్నాడు సాయంత్రానికి పక్కింటి టైలరమ్మను వెంటబెట్టుకొచ్చాడు. ఆవిడ కుట్టిన బట్టలు దుకాణాలకు చేరవేయడానికి పాత కారొకటి కొనుక్కుంది. అచ్చం అల్లుడి కారులాంటిదే. బజారు చివరి షెడ్డులో బాగుచేయిస్తే పంతొమ్మిది వేలు బిల్లు వేశారట.

"అన్నయ్యగారూ, మీ మాటే నాకు చాలు," అంది టైలరమ్మ చెమటలు తుడుచుకుంటూ. "అన్యాయమంటే రేపు నాతో వచ్చి ఓ మాట అడగండి. న్యాయమంటే నోర్మూసుకుని కట్టేస్తాను. ఈ నెల కుట్టుమిషను వాయిదా ఆపి కట్టాలి, అందుకే అడుగుతున్నా."

మామగారు బిల్లు తీసుకుని, పైనుంచి కిందికి చదివారు. ఇప్పుడాయనకు చదవడం వచ్చుగా. నాలుగో వరసలో కళ్లు ఆగిపోయాయి. ఇంజన్ ఆయిల్, తొమ్మిది లీటర్లు. పాత కళ్లజోడు సరిచేసుకుని మళ్లీ చూశారు. తొమ్మిదే. నిజమైన తప్పు! పుట్టి బుద్ధెరిగాక తన కంటబడ్డ మొట్టమొదటి నిజమైన తప్పు! చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్లింది, పెన్ను మూత ఊడింది.

అప్పుడు ఆ షెడ్డు యజమాని గుర్తొచ్చాడు. వాడు కేకేస్తే నాలుగు వీధులకు వినిపిస్తుంది. వాడు ఎదురుగా నిలబడి "ఎందుకు కొట్టేశావ్?" అంటాడు. జవాబు తెలుసు, మూడున్నర లీటర్లు. కానీ ఆ జవాబు గట్టిగా చెప్పాలి, వాడు గదమాయించినా మళ్లీ చెప్పాలి. అదెలాగో ఆయనకు తెలీదు. ఇన్నేళ్లూ ఓడిపోవడానికి ఒప్పుకున్నవాళ్ల మీదే గెలిచారు. వాడు వినకపోతే తనేం మొహం పెట్టుకుని వస్తారు? పర్సులో మిగిలింది నూటయాభై.

టైలరమ్మ పెన్ను వంకే చూస్తోంది. అల్లుడు ఎర్రగీత కోసం మెడ చాచాడు.

మామగారు పెన్నుకు మూత పెట్టేశారు.

"న్యాయంగానే ఉందమ్మా," అన్నారు నేల చూపులు చూస్తూ.

"మీరే అన్నాక ఇంకేముంది అన్నయ్యగారూ. రేపు పొద్దున్నే కట్టేస్తాను," అంటూ టైలరమ్మ దణ్ణం పెట్టి బిల్లు మడిచింది.

"చూశారా పిన్నిగారూ, అదీ మా మావయ్యగారంటే!" అన్నాడు అల్లుడు. "బిల్లు న్యాయంగా ఉంటే పెన్ను ముట్టనే ముట్టరు."

టైలరమ్మ గేటు వేసుకుని వెళ్లిపోయింది. ఒక్క గీతైనా పడకుండా మామగారి చేతుల్లోంచి బయటికెళ్లిన మొదటి బిల్లు అదే.