కళ్లారా చూసిన సంగతి

మనిషిని మెచ్చుకోవడానికి ఎంతసేపు పడుతుంది? నోటితోనైతే అరనిమిషం చాలు. కాగితం మీదికి వచ్చేసరికి యమునకు నాలుగు రోజులైనా చాలలేదు. పేరు రాసింది, ఊరుకుంది. ఆ ఫారం కోటు జేబులో మడతలు పడి, చెమటకు మెత్తబడి, ఇవాళ్టికి చేతి రుమాలులా తయారైంది. ఇవాళ్టి సాయంత్రం నాలుగింటికి గడువు.

గోదావరిఖని నుంచి సెంటినరీ కాలనీకి పోయే దారిలో ఉన్న ట్రస్టు దవాఖానలో, మగవాళ్ల వార్డులో ఆమె స్టాఫ్ నర్సు. ఏటా వార్షికోత్సవానికి అక్కడ సేవా పురస్కారం ఇస్తారు. ఎప్పుడూ పెద్ద డాక్టరు గారి కారు నడిపే ఆయనకో, ఆఫీసులో టైపు కొట్టే ఆమెకో పోయేది. ఈ ఏడు ఎవరికో బుద్ధి పుట్టి పద్ధతి మార్చారు. పనిచేసేవాళ్లు ఎవరైనా సరే, తోటివాళ్లలో ఎవరి పేరైనా రాయవచ్చన్నారు. ఫారంలో మొదటి రెండు గళ్లూ చిన్నవే. మూడోది మాత్రం అరపేజీ. దాని పైన అచ్చు వేశారు: ‘మీరు కళ్లారా చూసిన ఒక సంఘటన రాయండి. పొగడ్తలు వద్దు.’

ఆ మూడో గడి దగ్గరే యమునకు నిద్ర పట్టకుండా పోయింది.

ఆమె రాసిన పేరు సారవ్వది. ఇరవై ఏళ్లుగా ఆ వార్డు ఊడ్చి తుడిచే మనిషి. వచ్చే నెల నుంచి ఊడ్చే పనంతా ఒక ఏజెన్సీకి ఇస్తున్నారు. యాభై దాటినవాళ్లు ఏజెన్సీకి అక్కర్లేదట. సారవ్వకు యాభై ఆరు. ఆమె భర్త ఊపిరితిత్తులు పాడై రెండేళ్లుగా మంచంలో ఉన్నాడు. దవాఖాన ఉద్యోగుల ఇంటివాళ్లకు మందులు ఊరికే ఇస్తారు కాబట్టి అతని ఊపిరి ఆడుతున్నది. సారవ్వ పని పోతే ఆ మందులూ పోతాయి. అయితే ఒక దారి ఉంది. పురస్కారం వచ్చినవాళ్లను ట్రస్టు తన దగ్గరే ఉంచుకుంటుందని మేట్రన్ చంద్రమతి మేడం మీటింగులో స్వయంగా చెప్పింది.

ఇక రాయడానికేం అడ్డమంటారా? సంఘటన ఉంది. భేషైన సంఘటన. దాన్ని చూసిన కళ్లు కూడా యమునవే. చిక్కంతా ఏమిటంటే, అందులో తప్పు చేసిన చెయ్యి కూడా యమునదే.

ఆ వార్డుకు వచ్చేది ఎక్కువగా బొగ్గుగనిలో పనిచేసేవాళ్లే. వాళ్లకు ఒక అలవాటు ఉంది. షిఫ్టులు మార్చుకుంటారు. “అన్నా, రేపు నా మొదటి షిఫ్టు నువ్వు చెయ్యి, నీ రెండోది నేను చేస్త” అంటే అయిపోయింది. జబ్బు చేసి పడుకున్నా ఆ అలవాటు పోదు. దవాఖానలో మంచాలు మార్చుకుంటారు. ఒకరికి కిటికీ గాలి కావాలి, ఇంకొకరికి బాత్రూం దగ్గర కావాలి. దుప్పటీ, మెత్తా, చాయ్ ఫ్లాస్కూ చంకన పెట్టుకుని చెప్పాపెట్టకుండా మారిపోతారు. మంచానికి వేలాడే చార్టును మాత్రం ముట్టుకోరు. అది వాళ్ల సామాను కాదు కదా!

మూడు వారాల కింద ఒక పొద్దున సదానందం, ఆగయ్య అలాగే మారారు. సదానందానికి చక్కెర జబ్బు, కాలికి పుండు. ఆగయ్యకు ఆ రోజే హెర్నియా ఆపరేషను, కడుపులో నీళ్లు కూడా లేవు. ఆ ఉదయం యమున ఒక్కతే ఇద్దరి పని చేస్తున్నది. ఆరో నంబరు మంచం చార్టు చూసింది, ఇన్సులిన్ సిరంజిలోకి తీసింది. ముసుగు తన్ని పడుకున్న మనిషి చేతిని బయటికి లాగింది. పేరు అడగలేదు. దూదితో తుడిచి సూది ఆనించబోతుంటే ఎవరో ఆమె మణికట్టు గట్టిగా పట్టుకున్నారు.

“ఆగు బిడ్డా. గీయన సదానందం కాదు. సదానందం చెప్పులు గా మూలకున్నయి.”

కాలి పుండుకు తగలకుండా ముందుభాగం కోసేసిన చెప్పు అది. తుడిచేటప్పుడు జరుపుతుంది కాబట్టి సారవ్వకు మంచం కింది లోకమంతా తెలుసు. ఖాళీ కడుపుతో ఉన్న ఆగయ్యకు ఆ మోతాదు పడి ఉంటే ఏమయ్యేదో యమునకు తెలుసు. స్టోర్ రూంలోకి పోయి బకెట్ల మధ్య కూలబడి ఏడ్చింది. సారవ్వ చెంబుతో నీళ్లిచ్చింది. “ఎవ్వరికి చెప్పకు అవ్వా” అంది యమున. “నేనెందుకు చెప్తా బిడ్డా” అంది సారవ్వ. అంతే. ఏ రిజిస్టరులోనూ ఆ సంగతి ఎక్కలేదు.

ఇప్పుడు రాస్తే ఎక్కుతుంది. ఎక్కితే వార్డు ఇన్‌చార్జి పదవి పోతుంది. పన్నెండేళ్లు ఎదురుచూసిన ఆర్డరు మేట్రన్ సంతకం దాకా వచ్చింది. ఇన్‌చార్జికి పొద్దున తొమ్మిదికి వచ్చి అయిదుకు పోయే డ్యూటీ. యమున భర్త ఉపేందర్‌ది ఓపెన్‌కాస్టు గనిలో షిఫ్టు డ్యూటీ, తనదీ షిఫ్టు డ్యూటీ. పదో తరగతి చదువుతున్న కూతురు దీప తల్లితో మాట్లాడాలంటే ఫ్రిజ్జు మీద చీటీ అంటిస్తుంది. “అమ్మా, రేపు పేరెంట్స్ మీటింగ్. వీలైతే.” ఆ ‘వీలైతే’ను యమున వారం రోజులుగా ఫ్రిజ్జు మీంచి తీయలేదు.

రెండింటి డ్యూటీకి ఆమె పన్నెండుకే వచ్చి, కాలుగాలిన పిల్లిలా మెట్లెక్కి దిగింది. చివరికి ఒంటిగంటకు మూడో గడి నింపింది. ‘సారవ్వ ఎంతో ఓపికగా, అంకితభావంతో, చిరునవ్వుతో సేవ చేయును.’ తీసుకుపోయి మేట్రన్ బల్ల మీద పెట్టింది.

చంద్రమతి మేడం సామర్లకోట నుంచి కోడలిగా వచ్చి ముప్పై ఏళ్లు ఈ బొగ్గు నేల మీదే గడిపింది. అయినా మాట మాత్రం అక్కడిదే. కళ్లజోడు సవరించుకుని చదివి, నవ్వింది.

“చిరునవ్వు వచ్చేసిందా! ఇది పద్నాలుగోది యమునా. అందరూ అంకితభావమే, అందరూ చిరునవ్వే. కమిటీ వాళ్లు ఇలాంటివి పక్కన పడేస్తారు. సారవ్వ ఏం చేసింది? నువ్వేం చూశావు? అది రాసి తీసుకురా.”

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు యమున చెయ్యి తనంతట తానే జేబులోకి పోయింది. “సరే మేడం” అని ఫారం తీసుకుని బయటపడింది.

వార్డులో సారవ్వ ఫినాయిలు నీళ్లతో కిటికీ గట్టు తుడుస్తున్నది. ఎంత తుడిచినా గంటకల్లా అక్కడ నల్లటి పొర పేరుకుంటుంది.

“అవ్వా, నువ్వు చేసిన మంచి పని ఏదన్న చెప్పు. పెద్దది.”

“మంచి పనా? పొద్దుగాల బాత్రూం నాలిల నీళ్లు దిగకుంటే నేనే తీసిన. ఆరు బకెట్లు పోసిన.”

“గది కాదు. ఎవలనన్న కాపాడినవా? ఎవలన్న కింద పడుతుంటె పట్టుకున్నవా?”

సారవ్వ గుడ్డ పిండుతూ ఆమె ముఖంలోకి చూసింది. “యాదికి లేదు బిడ్డా” అంది, మళ్లీ గట్టు తుడవడం మొదలుపెట్టింది.

యాదికి లేకపోవడమేమిటి? ఆరు బకెట్ల నీళ్లు గుర్తున్న మనిషికి ఒక నిండు ప్రాణం గుర్తులేదా? యమునకు ఒళ్లు మండింది, సారవ్వ మీద కాదు. సరిగ్గా రెండింటికి ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ అయింది. కిటికీ అద్దాలు గలగలలాడాయి. రోజూ అయ్యేదే, ఎవరూ తల కూడా ఎత్తరు. ఇవాళ యమున ఒక్కతే ఉలిక్కిపడింది.

మూడున్నరకు మేట్రన్ నుంచి కబురు వచ్చింది. పోయేసరికి చంద్రమతి మేడం ముఖం వెలిగిపోతున్నది. చేతిలో ఒక ఫారం ఉంది.

“ఎంత గుట్టుగా ఉంచావమ్మా! కూర్చో. ఇది విను.” ఆమె చదివింది. “‘మా యమునమ్మ సిస్టరు పేరు రాస్తున్నాను. ఒకనాడు పొద్దున ఇద్దరు పేషెంట్లు మంచాలు మార్చుకున్నారు. చార్టు మారలేదు. సూది వేసే ముందు యమునమ్మ మంచం కింద చెప్పులు చూసి, ఈయన ఆయన కాదని కనిపెట్టి సూది ఆపింది. ఒక మనిషి బతికినాడు. నేను కళ్లారా చూసినాను.’ కింద వేలిముద్ర. సారవ్వ. ఎవరో రాసిపెట్టారు. ఇదీ సంఘటనంటే! నీ ఆర్డరు మీద కూడా ఇవాళే సంతకం పెట్టేస్తాను.”

యమునకు గది గోడలు దగ్గరికి జరిగినట్టయింది. సంతోషం రాలేదా అంటే, అబద్ధం ఎందుకు, వచ్చింది. ఒక్క లిప్తకాలం దీప ముఖం కనబడింది. వెంటనే ఆ సంతోషం వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం పుట్టింది.

“పది నిమిషాలు, మేడం” అని పరుగులాంటి నడకతో వార్డుకు వచ్చింది.

కాలి పుండు ఇంకా మానని సదానందం గోడకు ఆనుకుని పేపరు చదువుతున్నాడు. యూనియన్‌కు అర్జీలు రాసి రాసి గుండ్రంగా తిరిగిన చెయ్యి ఆయనది. యమునను చూడగానే పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

“నువ్వే రాసినవ్ గద కాకా?”

“సారవ్వ ఎట్ల చెప్పితె గట్ల రాసిన బిడ్డా. వద్దంటె ఇంటదా?”

స్టోర్ రూంలో సారవ్వ చీపుర్లు సర్దుతున్నది. యమున తలుపు దగ్గరికి వేసింది.

“ఎందుకట్ల రాపిచ్చినవ్ అవ్వా? నువ్వు ఆపిన దాన్ని నేను ఆపిన్నని ఎందుకు చెప్పినవ్?”

“ఏదన్న జరిగింది రాయాల్నన్నరు. నాకు తెలిసిన పెద్ద ముచ్చట గదొక్కటే. నీ ఆర్డరు ఆగిందని అందరు అనుకుంటున్నరు. జర ఆసరైతదనుకున్న.”

“మరి నీ కొలువు? ఇంట్ల ఆయన మందులు?”

సారవ్వ చీపురు కట్ట నేలకేసి తట్టింది.

“ఎవ్వరికి చెప్పకు అంటివి గద బిడ్డా” అంది చివరికి. “నేను చెప్పలే.”

మూడు వారాలుగా ఆ ముసలామె ఆ మాటకు కట్టుబడి ఉంది. తన పని పోతున్నా కట్టుబడే ఉంది. కట్టుబడటమే కాదు, ఆ మాట తప్పకుండానే ఎదుటి మనిషికి మేలు ఎలా చేయాలో కూడా వెతుక్కుంది. చదువుకున్న తాను నాలుగు రోజులు ‘చిరునవ్వు’ దగ్గర ఆగిపోయింది.

గోడ గడియారం నాలుగుకు పదిహేను నిమిషాలు తక్కువ చూపిస్తున్నది. యమున అక్కడే, తిరగేసిన బకెట్ మీద ఫారం పెట్టి, చిరునవ్వు వాక్యం కొట్టేసి రాయడం మొదలుపెట్టింది. ఆగకుండా రాసింది. ‘ఆ రోజు సూది పట్టుకున్నది నేను. పేరు అడగనిది నేను. ఆపింది సారవ్వ. ఎవరికీ చెప్పవద్దని బతిమాలింది కూడా నేనే. యమునమ్మ ఆపిందని సారవ్వ ఇచ్చిన ఫారంలో ఉన్నది నిజం కాదు. అది నా కోసం చెప్పిన మాట.’ కింద సంతకం, తేదీ.

చంద్రమతి మేడం రెండుసార్లు చదివింది. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

“ఇది లోపలికి తీసుకుంటే వెనక్కి ఇవ్వడం కుదరదు. తెలుసుగా?”

“తెలుసు మేడం.”

“ఎంక్వైరీ ఉంటుంది. నీ ఆర్డరు మీద నేను సంతకం పెట్టలేను.”

“తెలుసు.”

మేడం ఫారం మీద తారీఖు ముద్ర కొట్టింది. పక్కనున్న, ఏజెన్సీ వద్దన్నవాళ్ల జాబితా తీసి, సారవ్వ పేరు కొట్టేసింది. “ఈమె మన దగ్గరే ఉంటుంది. కమిటీ ఏమన్నా సరే, అది నా పూచీ. నీ పూచీ మాత్రం నేను పడలేనమ్మా” అంది. గొంతు కోపంగా ఉంది. కళ్లు మాత్రం కోపంగా లేవు.

బయటికి వచ్చాక యమునకు తేలికగా అనిపించిందని రాస్తే అది కూడా చిరునవ్వు వాక్యమే అవుతుంది. భయం వేసింది. ఉపేందర్‌కు ఏం చెప్పాలి? దీప చీటీలు ఇంకెన్నాళ్లు చదవాలి? ఎంక్వైరీలో ఎవరు కూర్చుంటారు?

సాయంత్రం ఆరింటికి సూదుల ట్రాలీ తోసుకుంటూ వార్డులోకి వచ్చింది. సంగతి అప్పటికే అందరికీ చేరింది. దవాఖానలో రహస్యానికి మూడు వారాల ఆయుష్షే ఎక్కువ. సారవ్వ వార్డు చివర మాప్ కర్ర పట్టుకుని నిలబడి, ఏడుపో కోపమో తెలియని ముఖంతో ఆమెనే చూస్తున్నది. యమున మూలనున్న మొదటి మంచం దగ్గర ఆగింది. చార్టు చూసింది. వంగి మంచం కింద కోసిన చెప్పు చూసింది. తరువాత తలెత్తింది.

“పేరు చెప్పు కాకా.”

సదానందం నవ్వాడు. “నెల దినాలసంది సూదులేస్తున్నవ్. నా పేరు నీకు తెల్వదా బిడ్డా?”

“తెల్వది” అంది యమున. “నువ్వు చెప్పు.”