దర్జీ కోసం ఆగే పాట

దర్జీ లాయరుగారి కోటుకు లోపలి గుడ్డ వేస్తున్నాడు. నల్లకోటు మిషను బల్ల మీద బోర్లా పడుకుని ఉంది. చంక దగ్గర ముడత రాకుండా ఎడమ బొటనవేలితో నొక్కిపట్టి, కుడిచేత్తో చక్రాన్ని మెల్లగా తిప్పి, సూది గుడ్డలోకి దిగిందని నమ్మకం కుదిరాక గాని కాలు కదపడం లేదు. మెడలో టేపు వేలాడుతోంది. దాని మొదటి అంకెలు అరిగిపోయి చాలా కాలమైంది. అయినా అతనికి వాటితో పనేముంది, మనిషి ఎదురుగా నిలబడితే మెడ కొలత కళ్లే చెప్పేస్తాయి.

నిదానమే ప్రధానం అన్నది ఆ దుకాణానికి పెట్టని బోర్డు. పెళ్లికని ఇచ్చిన ప్యాంటు పెళ్లినాటి పొద్దుటికి చేతికొస్తే అదృష్టమే. కానీ అతను వేసిన కుట్టు ఊడిందన్న మాట ఇంతవరకూ ఎవరి నోటా రాలేదు. అందుకే తిట్టుకుంటూనే అందరూ అతని దగ్గరికే వస్తారు.

వింత ఏమిటంటే, ఇవాళ ఆదివారం. వీధిలో మిగతా దుకాణాలన్నీ మూసే ఉన్నాయి. ఆదివారం ఈ వేళప్పుడు అతను ఈ స్టూలు మీద కూర్చున్న పాపాన పోలేదు. వీధి చివరి చర్చిలో, కిటికీ పక్క బెంచీ మీద ఉండేవాడు. పొద్దున భార్య పాటల పుస్తకం సంచిలో పెట్టుకుని దుకాణం గుమ్మంలో నిలబడింది.

"మీరు రారా?"

"కోటు రేపటికి ఇచ్చెయ్యాలి."

"రేపటిదాన్ని రేపటికి ఇవ్వాలన్న పట్టింపు మీకెప్పట్నుంచి?"

అతను కోటు బల్ల మీద పరిచాడు. ఆవిడ తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయింది.

నిజానికి అడ్డొచ్చింది కోటు కాదు, పాట. చర్చిలో పాటలు నేర్పడానికి ఈమధ్యే ఒక అమ్మాయి వచ్చింది. మంచి పిల్ల, గొంతు కూడా మంచిదే. కిందటి వారం అందరూ వెళ్లిపోయాక అతని పక్కన కూర్చుని, మెత్తగా చెప్పింది. "తాతగారూ, ఏమీ అనుకోకండి. ప్రతి లైనూ మీరు అందరికంటే వెనకగా ముగిస్తున్నారు. మీరు మనసులో పాడుకోండి, దేవుడికి వినిపిస్తుంది."

అతను తలూపాడు. ఇంటికొచ్చి భార్యకు ఆ మాట చెప్పాక అన్నం సహించలేదు. వెనకబడుతున్నానని అతనికి అంతవరకూ తెలియనే తెలియదు. ఇన్నేళ్లూ అందరికీ తెలుసన్నమాట. ఇన్నేళ్లూ పుస్తకం చాటున నవ్వుకుని ఉంటారు. పైగా దేవుడికి వినిపిస్తే చాలనుకుంటే ఇంట్లోనే పాడుకోవచ్చు కదా, చర్చి దాకా నడవడం ఎందుకు? వారమంతా ఆ మాటే చెవిలో జోరీగలా తిరిగింది. వారం తిరిగేసరికి అలక కాస్తా నిర్ణయమైంది.

వెనకబడటానికి కారణం ఉంది. అతను ఈ ఊరికి వచ్చినప్పుడు కుర్రవాడు. నా అన్నవాళ్లు లేరు, అక్షరమ్ముక్క రాదు. చర్చి కిటికీలకు తెరలు కుట్టే పని దొరికి లోపలికి వెళ్లాడు. తెరలు పూర్తయ్యాయి కానీ అతను బయటికి రాలేదు. ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మ ఆదివారాలు చిన్నపిల్లలకు చదువు చెప్పేది. మీసాలొచ్చిన ఇతన్ని కూడా వాళ్ల మధ్య కూర్చోబెట్టి, పాటల పుస్తకంతోనే అక్షరాలు దిద్దించింది. అప్పటి నుంచీ మాట కింద వేలు పెట్టి, చదివి, ఆ తర్వాతే పాడతాడు. పాటలన్నీ కంఠతా వచ్చినా సరే, చూడకుండా పాడితే కొలత తీసుకోకుండా గుడ్డ కత్తిరించినట్టు ఉంటుందంటాడు.

అతని పెళ్లి అక్కడే జరిగింది. పుట్టిన ఒక్క బిడ్డ నెల తిరక్కుండానే పోతే, ఆ చిన్న పెట్టెను మోసింది ఆ బెంచీల వాళ్లే. అతని ఇంట్లో పొయ్యి వెలగని రోజుల్లో పూటపూటకీ ఎవరో ఒకరు అన్నం గిన్నె గుమ్మంలో పెట్టి, పలకరించకుండా వెళ్లిపోయేవారు. ఆ గిన్నెలు ఎవరివో అతనికి ఇప్పటికీ పూర్తిగా తెలియదు. అలాంటివాళ్లు తనను చూసి నవ్వుకున్నారన్నదే అతని బాధ.

గంట మోగింది. దర్జీ కాలు ఇంకాస్త గట్టిగా తొక్కాడు. మిషను చప్పుడులో పాట వినపడదనుకున్నాడు గానీ, వినకూడదనుకున్నదే ముందు వినపడుతుంది. మొదటి లైను బాగానే మొదలైంది. చివరికి వచ్చేసరికి ఏదో తేడా కొట్టింది. ఆ అమ్మాయి గొంతు రెండో లైనులోకి వెళ్లిపోయింది, మిగతావాళ్లు ఇంకా మొదటి లైను చివరి మాట దగ్గరే సాగదీస్తూ నిలబడి ఉన్నారు. తర్వాత గబగబా పరుగెత్తి ఆమెను అందుకున్నారు. రెండో లైను చివర మళ్లీ అంతే. మూడో లైనుకు ఎవరి పాట వాళ్లదైంది. ఆఖరికి పాట ఆగిపోయింది. దర్జీ కాలు కూడా ఆగింది.

కాసేపటికి దుకాణం ముందు చేతికర్ర చప్పుడైంది. నర్సమ్మ. వయసుకు నడుం వంగింది గాని మాట వంగలేదు.

"లేవయ్యా తమ్ముడూ. మీ ఆవిడ అంతా చెప్పింది."

"కోటుందక్కా..."

"కోటు ఎక్కడికీ పోదు. అక్కడ పాట ముక్కలుముక్కలైంది. నువ్వొచ్చి కుట్టు."

"నేను వెనకపడతానటగా."

"పడతావు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు."

"మరి ఒక్కరైనా చెప్పలేదే! నవ్వుకున్నారా?"

నర్సమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. "నవ్వుకోవడమేంటయ్యా, ఆగాం. నువ్వు వేలు పెట్టి చదవడం మొదలెట్టిన రోజు నుంచీ లైను చివర నీకోసం ఆగుతున్నాం. అలవాటైపోయింది. ఇప్పటి పిల్లలు పాటే అలా ఉంటుందనుకుంటున్నారు. ఇవాళ నువ్వు లేకపోయినా ఆగాం. ఎంతసేపని ఆగుతాం?"

దర్జీ కోటు మీది దారప్పోగును తీశాడు, మళ్లీ అక్కడే పెట్టాడు.

"దేవుడికి మనసులో పాడినా వినపడుతుందంది ఆ అమ్మాయి," అన్నాడు నెమ్మదిగా.

"ఆయనకి వినపడుతుందిలే. మాకు వినపడొద్దూ?"

సూది గుడ్డలో ఉండగానే అతను లేచాడు. జన్మలో ఎప్పుడూ అలా పని వదిలి లేవలేదు.

చర్చిలో అతని చోటు ఖాళీగానే ఉంది. కిక్కిరిసిన బెంచీలో ఆ ఒక్క చోటు మాత్రం ఎవరూ ఆక్రమించలేదు. భార్య తలతిప్పకుండానే పుస్తకం విప్పి అతని వైపు జరిపింది. కూర్చున్నాక గాని మెడలో టేపు ఉందని గుర్తు రాలేదు. సిగ్గుపడి, దాన్ని తీసి, చుట్టగా చుట్టి పక్కన పెట్టాడు.

పాట మళ్లీ మొదలైంది. లైను చివర అందరూ ఆగారు. అతని వేలు మెల్లగా చివరి మాట చేరింది, గొంతు దాని వెనకే చేరింది. ఇవాళ మొదటిసారి అతను ఆ ఆగడాన్ని విన్నాడు. ఇంతమంది తన ఒక్క మాట కోసం నిలబడటం వింటుంటే కళ్లలో నీళ్లు తిరిగి, తర్వాతి మాట కనపడక ఇంకాస్త ఆలస్యమైంది. పాటల అమ్మాయి ఎత్తిన చేతిని దించకుండా ఓపిగ్గా నిలబడింది. నర్సమ్మ వెనక నుంచి, "ముందొచ్చిన చెవుల కంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి," అని గొణిగింది. ముందు బెంచీ దాకా నవ్వు పాకింది, అందులో దర్జీ నవ్వు కూడా ఉంది.

మధ్యాహ్నం ఇంట్లో కడుపునిండా తిన్నాడు. కోటు సంగతి మళ్లీ ఎత్తలేదు. కిటికీ పక్క పడక్కుర్చీలో వాలుతుంటే భార్య అడిగింది.

"మెడ బోసిగా ఉందేంటి? మీ టేపేది?"

"చర్చిలో మర్చిపోయాను."

"వెళ్లి తెచ్చేదా?"

"ఎందుకు? మన ఇంట్లోనే ఉందిగా. వచ్చే ఆదివారం తెచ్చుకుంటాలే."

ఆవిడ గిన్నెలు కడిగి వచ్చేసరికి అతను నిద్రపోతున్నట్టే ఉన్నాడు. ఎండ పాదాల మీద నుంచి మోకాళ్ల మీదికి వచ్చింది. మోకాళ్ల మీద ఎండ పడితే అతను కుర్చీ జరుపుకుంటాడు. జరుపుకోలేదు. ఆవిడ దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకుంది, చాలాసేపు అలాగే పట్టుకుని కూర్చుంది.

మర్నాడు అతన్ని చర్చిలోకి తెచ్చి ముందు పడుకోబెట్టారు. పెట్టెను మోసింది మళ్లీ ఆ బెంచీల వాళ్లే. పాటల అమ్మాయి పాట ఎత్తుకుంది. లైను చివర అందరూ ఆగారు. ఆమె ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. దించడానికి మనసొప్పలేదు. అప్పుడు దర్జీ భార్య చివరి మాట కింద వేలు పెట్టి, నిదానంగా చదువుకుని, ఒక్కతే పాడింది. ఆ తర్వాతే పాట ముందుకు సాగింది.

ఆవిడ పక్కన, కిటికీ దగ్గర, చుట్ట చుట్టిన టేపు అలాగే ఉంది. కూర్చోడానికి చోటు లేక కొందరు నిలబడే ఉన్నా, దాని చుట్టూ మనిషి పట్టేంత చోటు వదిలేశారు.