రెండ్రోజుల పుండు

దర్జీ అక్క ఏనాడూ చెప్పిన రోజుకు బట్టలు ఇచ్చిన పాపాన పోలేదు. కోటు కానీ, గౌను కానీ, కిటికీ తెర కానీ, ఆవిడ నోట వచ్చే మాట ఒక్కటే. "రెండ్రోజుల్లో వచ్చెయ్యండి." ఆ రెండ్రోజులు ఏ క్యాలెండరుకూ అందేవి కావు. కుట్టినప్పుడు మాత్రం ఒంటికి అతికినట్టు కుట్టేది కాబట్టి జనం తిట్టుకుంటూనే మళ్ళీ ఆ కొట్టుకే వచ్చేవారు.

ఆ తిట్లు తినే ఉద్యోగం చెల్లెలిది. అక్క వెనక మిషన్ దగ్గర తల వంచుకుని కూర్చుంటే, చెల్లెలు ముందు బల్ల దగ్గర కాజాలు, బొత్తాలు కుట్టుకుంటూ వచ్చినవాళ్ళందరి చేతా చివాట్లు తినేది. ముఖ్యంగా నీలం కోటాయన. కోటుకని నీలం గుడ్డ ఇచ్చిన దగ్గర్నుంచి ఆయన జుట్టు కూడా కాస్త నెరిసింది. వచ్చినప్పుడల్లా వెనకనుంచి అక్క గొంతు వినిపించేది, "చేతులొక్కటే మిగిలాయండీ, రెండ్రోజులు!" అని.

అలాంటి అక్క నాలుక పక్కన పుండు లేచింది. మొదట చెల్లెలు పెద్దగా పట్టించుకోలేదు. నోరు పూయడం ఎవరికి లేదు? కానీ అది మానలేదు. అక్క కారం మానేసింది, తరవాత ఉప్పు తగ్గించింది, చివరికి వేడి టీ కూడా చల్లారేదాకా చూసి, మొహం అదోలా పెట్టి గుటక వేసేది. మాట్లాడితే నాలుక మడత పడ్డట్టు వినిపించేది.

సలహాలకేం తక్కువ? జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చిన ప్రతి మనిషీ పనిలో పనిగా ఒక వైద్యం చెప్పి వెళ్ళింది. వేడి చేసిందని ఒకావిడ, విటమిన్ లేదని ఇంకొకావిడ, తేనె రాయమని ఒకరు, ఉప్పునీళ్ళు పుక్కిలించమని ఒకరు. ఊరకనే వచ్చే సలహా కదా, అక్క ఒక్కటీ వదల్లేదు. పుండు మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు అక్కడే కూర్చుంది.

ఒకరోజు దారపు కండెల కోసం సొరుగు లాగితే చెల్లెలికి నోటిపూతకి రాసే మందు గొట్టాలు కనిపించాయి. ఒకటి కాదు, సొరుగు నిండా ఉన్నాయి. ఒక్కో డాక్టరు ఒక్కో పేరుతో రాసిన మందు, తీసి చూస్తే అన్నిటికీ అదే వాసన, అదే రంగు.

"ఇంతమందికి చూపించుకున్నావా? నాకు చెప్పకుండా?"

"చెప్తే నువ్వు రాద్ధాంతం చేస్తావని" అంది అక్క, మిషన్ ఆపకుండానే.

"అంతమందీ ఇదే గొట్టం రాశారా! ఈ ఊళ్ళో డాక్టర్లు చదువుకున్నారా, కొనుక్కున్నారా? పద. ఇప్పుడే పద."

"ఈ చంక కుట్టేసి..."

"చంకా లేదు, వంకా లేదు. లే!"

కొట్టు తలుపు దగ్గరగా వేసి, అక్కను రెక్క పట్టుకుని లాక్కుపోయింది. ఆ వీధిలో అక్క చూపించుకోని డాక్టరంటూ మిగిలింది పళ్ళ డాక్టరు ఒక్కడే. సరే, నాలుక కూడా నోట్లోనే ఉంటుంది కదా అని అక్కడికే తీసుకెళ్ళింది.

పళ్ళ డాక్టరు అక్కను వాలు కుర్చీలో కూర్చోబెట్టి, దీపం మొహం మీదికి దించి, కాగితం మీద కలం పెట్టాడు.

"ఎప్పట్నుంచమ్మా?"

"రెండ్రోజుల్నుంచండీ" అంది అక్క.

చెల్లెలు గిరుక్కున అక్క వైపు తిరిగింది. అంటే ప్రతి డాక్టరు దగ్గరా ఇదే చెప్పిందన్నమాట! రెండ్రోజుల పుండంటే ఎవడు మాత్రం గొట్టం రాసి పంపించడు? పాపం ఆ డాక్టర్లను తాను అనవసరంగా ఆడిపోసుకుంది.

"రెండ్రోజులా! డాక్టరుగారికి కూడా రెండ్రోజులేనా అక్కా! ఈయనేమన్నా కోటు కుట్టించుకోడానికి వచ్చాడా?" అని అరిచింది. "లేదండీ, నమ్మకండి. స్కూలు యూనిఫామ్‌లు ఒప్పుకోకముందే ఈవిడ కారం మానేసింది. ఆ యూనిఫామ్‌లు వేసుకున్న పిల్లలు పరీక్షలు రాసి, పొడుగైపోయి, మళ్ళీ కొలతలకొచ్చారు!"

డాక్టరు కలం కింద పెట్టేశాడు. ఆ పెట్టడం చూసి చెల్లెలికి కోపం దిగి, దాని చోట భయం ఎక్కింది.

"నేనూ గొట్టమే రాయబోయాను" అన్నాడాయన. "మామూలు నోటిపూత వారం పది రోజుల్లో దానంతటదే మానుతుంది. మూడు వారాలు దాటినా ఒకేచోట ఉందంటే ఎందుకుందో వెతకాలమ్మా. మీరు రెండ్రోజులంటే నేనేం వెతుకుతాను?"

చేతికి తొడుగు వేసుకుని మెడ కింద రెండువైపులా తడిమి చూశాడు. మెత్తని గుడ్డతో నాలుక కొస పట్టుకుని పక్కకు లాగి, చిన్న అద్దం పెట్టి చూశాడు. తరవాత వేలితో కింది పళ్ళ వరస తడుముతూ ఒకచోట ఆగాడు.

"ఇక్కడ పన్ను అంచు విరిగి రంపంలా ఉంది. నాలుక కదిలినప్పుడల్లా కోస్తోంది. ఏం కొరుకుతారు?"

అక్కాచెల్లెళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. కొరికేది దారమే. సన్నదారం ముందుపళ్ళతో, కోటు బొత్తాల మందపు దారం పక్కపళ్ళతో. కత్తెర తీసి, తెంపి, మళ్ళీ పెట్టేలోపు ఇంకో బొత్తాం కుట్టెయ్యొచ్చునని అక్క సిద్ధాంతం. చెల్లెలికి నేర్పిందీ అదే.

"మరి మెడలో వేలాడే ఆ కత్తెర దేనికి, నగా?" అన్నాడు డాక్టరు.

అక్క కత్తెరని గుప్పిట్లో దాచేసుకుంది.

డాక్టరు ఆ పన్ను అంచు నున్నగా అరగదీశాడు. పని అయిపోయిందనుకుని అక్క లేవబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇది పన్ను వల్లే అయ్యుంటుంది. కానీ ఇంతకాలం ఉన్న పుండుని 'అయ్యుంటుంది' అనుకుని వదలకూడదు. మొద్దుబార్చి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుతాను."

"క్యాన్సరా అండీ?" అంది చెల్లెలు. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందంటే తనకే నమ్మకం కలగలేదు.

"కాదని తెలుసుకోడానికేనమ్మా."

తిరిగి వచ్చేటప్పుడు దారి పొడుగునా చెల్లెలు తిడుతూనే ఉంది. వైద్యుడి దగ్గరా వకీలు దగ్గరా నిజం దాచకూడదని చిన్నపిల్లలకి కూడా తెలుసు కదా అంది. బుద్ధుందా అంది. అమ్మ పోయిన దగ్గర్నుంచి తనకు తల దువ్వి, గౌన్లు కుట్టి, ముద్ద కలిపి పెట్టి పెంచింది ఈ మనిషే. ఈ మనిషి లేకపోతే తనకి లోకంలో ఇంకెవరున్నారు? ఆ సంగతి చెప్పడం చేతకాక తిట్టింది. అక్క నోట్లో ముక్క తీసినచోట దూది పెట్టుకుని ఉంది కాబట్టి తిరిగి ఒక్క మాటా అనలేకపోయింది.

పరీక్ష చేసేచోట కిటికీ వెనక ఒక కళ్ళజోడాయన కూర్చుని ఉన్నాడు. రిపోర్టు ఎప్పుడొస్తుందని అడిగితే తలెత్తకుండా చెప్పాడు.

"రెండ్రోజుల్లో రండి."

రెండ్రోజుల తరవాత వెళ్ళారు. "ఇంకా కాలేదమ్మా, రెండ్రోజులాగి రండి" అన్నాడు. ఆగి వెళ్ళారు. "మీదే పనిలో ఉంది, అయిపోవచ్చింది. ఒక్క రెండ్రోజులు." తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడని ఊరికే అనలేదు.

అక్క రెండు చేతులతో కిటికీ చువ్వలు పట్టుకుంది.

"రెండ్రోజులని మీరే కదా అన్నారు! కానప్పుడు కాదని చెప్పొచ్చు కదా? మీ మాట నమ్మి ముద్ద దిగడం లేదు, కన్ను మూతపడటం లేదు. మాకు పనీపాటా లేక మీ చుట్టూ తిరుగుతున్నామనుకున్నారా? అసలు మొదలుపెట్టారా మీరు?"

ఇవి రోజూ ముందు బల్ల దగ్గర చెల్లెలు తినే మాటలే. ఒక్క అక్షరం తేడా లేదు. చెల్లెలు నవ్వబోయింది. కానీ అక్క చువ్వలు వదలకపోవడం చూసి, తానూ వెళ్ళి పక్కన నిలబడింది.

కళ్ళజోడాయన లోపలికి వెళ్ళి, ఎవరితోనో గొడవపడి, ఆ సాయంత్రమే రిపోర్టు తెచ్చి చేతిలో పెట్టాడు.

పళ్ళ డాక్టరు దాన్ని రెండుసార్లు చదివాడు. "క్యాన్సరు కాదు. పన్ను ఒరుసుకుని అయిన గాయం, అంతే" అన్నాడు. దీపం దించి చూస్తే పుండు అప్పటికే సగానికి తగ్గింది. పూర్తిగా మానేదాకా వచ్చి చూపించుకోమన్నాడు. చెల్లెలికి డాక్టరు కాళ్ళ మీద పడాలనిపించింది, అక్క వీపు మీద రెండు బాదాలని కూడా అనిపించింది.

కొట్టు తెరిచీ తెరవకముందే నీలం కోటాయన ప్రత్యక్షమయ్యాడు.

"చేతులయ్యాయా?"

చెల్లెలు అలవాటుగా వెనక్కి చూసింది. అక్క మిషన్ దగ్గర్నుంచి లేచి ముందుకొచ్చింది.

"ఇంకా కత్తిరించనే లేదండీ" అంది. "మీ గుడ్డ ఇచ్చింది ఇచ్చినట్టే ఉంది. ఇవాళ మొదలుపెడితే పది రోజులు పడుతుంది. కాదంటే గుడ్డ ఇచ్చేస్తాను."

"ఇన్నాళ్ళూ చేతులొక్కటే అన్నారు కదమ్మా!" అని, ఎవరిని తిట్టాలో తెలియక ఆయన గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "సరే, పది రోజులు" అని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

చెల్లెలు సూదిలో మందపు దారం ఎక్కించుకుంది. అడగాల్సింది ఇంకొకటి మిగిలిపోయింది.

"నిజం చెప్పు. అలవాటుకొద్దీ అన్నావా రెండ్రోజులని, కావాలని అన్నావా?"

అక్క నీలం గుడ్డ బల్ల మీద పరిచి, ముడతలు చేత్తో సాపు చేసింది.

"రెండ్రోజులంటే వాళ్ళు నవ్వి పంపించేసేవాళ్ళే. ఎక్కువ చెప్తే ఏమంటారోనని."

"అంటే భయపడ్డావా? ఎప్పట్నుంచి?"

"మొదటి రోజు నుంచే, చిట్టీ."

చెల్లెలి దగ్గర ఇంకా బోలెడన్ని తిట్లు సిద్ధంగా ఉన్నాయి. అయినా కళ్ళు మసకబారుతుంటే తల వంచుకుని బొత్తాం కుట్టింది, ముడి వేసింది, దారాన్ని పక్కపళ్ళ మధ్యకు లాక్కుంది.

అక్క తన మెడలోని కత్తెర తీసి ఆమె ముందు పెట్టింది.