పన్నెండు మందికి ఒకటే కోర్టు

పన్నెండు మంది, ఒకటే కోర్టు, రెండు గంటల సమయం. పికిల్‌బాల్ అనే ఈ బ్యాటూ బంతీ ఆటకి నలుగురు చాలు. తక్కిన ఎనిమిది మందీ వంతుల గురించి పోట్లాడుకోవడానికే పొద్దున్నే లేచి వస్తారని టీచరమ్మ గట్టి నమ్మకం. బడిలో ముప్పై మందికి టైంటేబుల్ వేసే మనిషి కదా అని, ఈ వరుస చూసే పని అందరూ కలిసి ఆవిడ నెత్తిన పెట్టారు.

ఆవిడ పెట్టిన పద్ధతి పసిపిల్లలకైనా అర్థమవుతుంది. వచ్చినవాళ్లు వచ్చినట్టు తమ ప్యాడిల్‌ని, అంటే ఆట బ్యాటుని, గోడకి వరుసగా ఆనించాలి. మొదటి నాలుగు ప్యాడిళ్లవాళ్లు ఆడాలి. గెలిచినా ఓడినా నలుగురూ దిగిపోయి, ప్యాడిళ్లు వరుస చివర పెట్టుకోవాలి. అంతే. ఆ అంతే అన్నదే ఈ పెద్దమనుషుల బుర్రకెక్కదు.

ఈ రోజు ఆవిడ బెంగ వేరే ఉంది. ఉద్యోగం పోయి ఆరు నెలలుగా గడప దాటని చెల్లెల్ని మూడు వారాలు బతిమాలి తీసుకొచ్చింది. "ఒక్క ఆట ఆడవే. నచ్చకపోతే ఇంకెప్పుడూ అడగను" అని మాటిచ్చింది. చెల్లెలు కొత్త బూట్లు కొనుక్కుని మరీ వచ్చింది. ఆమె వంతు మూడో ఆటలో పడింది. ఈ ఆట ఒక్కటీ బాగా సాగితే పిల్ల మళ్లీ నలుగురిలో పడుతుందని టీచరమ్మ ఆశ.

మూడో ఆట మొదలయ్యే వేళకి పళ్ల డాక్టరు అడ్డం పడ్డాడు.

"నాకు ఏడింటికి పేషెంటు ఉన్నాడండీ. ఇప్పుడు ఆడితేనే ఆడినట్టు."

"మీరు మొదటి ఆట ఆడారు కదండీ?"

"అదీ ఒక ఆటేనా? పది నిమిషాల్లో ఓడిపోయాం. అది లెక్కలోకి రాదు!"

ఓడిన ఆట లెక్కలోకి రాదట! టీచరమ్మ పళ్లు కొరికి, చెల్లెలి వైపు తిరిగింది. "నువ్వు మనదానివే కదా, ఈ ఒక్కసారికి సర్దుకోవే."

"ఫర్వాలేదక్కా."

నాలుగో ఆటకి స్టీరింగ్ బాబాయి. డ్రైవింగ్ స్కూలు నడిపే ఆ పెద్దాయన తన ప్యాడిల్‌ని కాలితో ముందుకు తోస్తూ దొరికిపోయాడు. గాలికి జరిగిందన్నాడు.

"తలుపులన్నీ మూసిన హాల్లో గాలేమిటి బాబాయ్?"

దాంతో ఆయన ఒంటికాలి మీద లేచాడు. తనని దొంగని చేశారన్నాడు. సగం మంది ఇటు, సగం మంది అటు చేరారు. ఐదు నిమిషాలు వృథా. ఆ గోల పడలేక టీచరమ్మ మళ్లీ చెల్లెలి ప్యాడిలే తీసి వెనక్కి పెట్టింది. "సర్దుకోవే తల్లీ, ఈయనతో నేను పడలేను."

ఐదో ఆటకి ఓ మొగుడూ పెళ్లాల్లో ఒకరికే వంతు వచ్చింది; వాళ్లు వచ్చి, ఆడితే ఇద్దరం కలిసే ఆడతాం, లేకపోతే ఇంటికి పోతాం అన్నారు. పోతే పీడా పోయేది. కానీ టీచరమ్మ ఆ మాట పైకి అనలేక, అప్పటికే తల ప్రాణం తోకకి వచ్చి, మరోసారి చెల్లెలి ప్యాడిల్ మీదే చెయ్యి వేసింది. ఈసారి చెల్లెలు వెళ్లి తన సంచీ దగ్గర కూర్చుంది.

ఆరోది ఆఖరి ఆట. ఆ తర్వాత హాలు వ్యాయామం క్లాసువాళ్లది. ముగ్గురు కోర్టులోకి దిగారు. నాలుగో ప్యాడిల్ టీచరమ్మది. అప్పుడు గానీ ఆవిడ వరుస చివర ఏముందో చూడలేదు. చెల్లెలి ప్యాడిల్ ఆ మూల ఉంది. దాన్ని తన చేత్తోనే అక్కడికి చేర్చింది.

"నా బదులు నువ్వు ఆడవే. రా, రా, టైం లేదు."

చెల్లెలు బూట్ల లేసులు విప్పుకుంటోంది. "నీ వంతు నాకెందుకక్కా? నా వంతు నాకు ఉండిందిగా."

"ఏం చెయ్యనే? చూశావుగా, ఒక్కొక్కళ్లూ ఎలా అరుస్తున్నారో!"

"చూశాను. అరిచినవాళ్లందరికీ ఆట దొరికింది."

కోర్టు పక్కనుంచి స్టీరింగ్ బాబాయి కేకలేశాడు. "టీచరమ్మా, వస్తారా రారా? రాకపోతే నాలుగోవాణ్ణి నేనున్నాను!"

చెల్లెలు అప్పటికే బయల్దేరింది. ఆవిడ చెల్లెలి వెనకే గబగబా గుమ్మం దాకా నడిచింది. "ఎల్లుండి మళ్లీ ఉంది. వస్తావు కదూ?"

చెల్లెలు సంచీ భుజాన వేసుకుంది. "ఎల్లుండి కూడా వరుస నువ్వే చూస్తావా అక్కా?"