బాలమణి నాకిచ్చిన సెలవు

నేను ఒక బీరు ఫ్రిజ్‌ను. పొట్టలో స్టీలు పీపా, వీపున గ్యాసు బండ, నెత్తిన నల్లా. చల్లబరచడం తప్ప నాకు మరో విద్య రాదు. ఆ ఒక్క విద్యా అక్కరకొచ్చిన రోజున నన్ను ఆపేశారు.

ఏ ఫ్యాక్టరీలో పుట్టానో నాకు సరిగా గుర్తు లేదు, మీకూ అనవసరం. లోకం చూసింది హైదరాబాదు పబ్బులో. అక్కడి జనం గ్లాసు నింపించుకుని, ముందు ఫొటో తీసి, తర్వాత సగం తాగి వదిలేసేవారు. నా కష్టం వాళ్లకేం తెలుసు! పబ్బు మూతపడ్డాక నన్ను పాత సామాన్ల దుకాణంలో, విరిగిన కుర్చీల మధ్య పడేశారు.

అక్కడికే వచ్చాడు సమ్మయ్య. కాజీపేట రైల్వే షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరైనవాడు. ఇంట్లో బీరు కాచడం ఫోనులో చూసి నేర్చుకున్నాడట. చట్టం ఏమంటుందో అతను అడగలేదు, నేనూ చెప్పలేదు. కొత్త ఫ్రిజ్ కొనే స్తోమత లేదు గనక నన్ను తెగ సతాయించాడు. మోటారు మీద చెయ్యి పెట్టి అదురు చూశాడు. తలుపు సందులో కాగితం పెట్టి లాగి, రబ్బరు పట్టు చూశాడు. గ్యాసు పైపుకు సబ్బు నురగ రాసి, బుడగలొస్తాయేమోనని కళ్లద్దాలు సర్దుకున్నాడు. నల్లాలో ముక్కు పెట్టి మొహం చిట్లించాడు. నా సొట్టలన్నీ వేలెట్టి చూపించి ధర దించాడు. సిగ్గుతో చచ్చాననుకోండి. కానీ అంత శ్రద్ధగా అంతకుముందు నన్నెవరూ చూడలేదు.

ఆ హైరానా అంతా శౌరయ్య కోసం. ఇద్దరూ ఒకే షెడ్డులో పానాలు పట్టుకుని ముసలివాళ్లయ్యారు. రిటైరయ్యాక మన బీరు మనమే కాచుకుందామని కొలువులో చేరినప్పటి నుంచీ అనుకున్నవాళ్లు. ఇప్పుడు శౌరయ్యకు నాలుక మీద క్యాన్సరు. దసరా వెళ్లాక ఆపరేషను, నాలుక చాలావరకు తీసేస్తామన్నారు డాక్టర్లు. ఆలోపు సమ్మయ్య చేతి బీరు, నురగతో, చల్లగా, ఒక్క గ్లాసు తాగాలని అతని కోరిక.

సమ్మయ్య బార్లీ ఉడికించి, పులియబెట్టి, పీపా నింపి నాలో పెట్టాడు. నేనూ ఒళ్లు దాచుకోలేదు.

దసరా వచ్చింది. ఆ ఇంట్లో ఆ రోజు పనిముట్లకు సెలవు. సమ్మయ్య భార్య బాలమణి కుట్టుమిషనుకు, పానాలకు, స్కూటరుకు బొట్లు పెట్టింది. నన్ను తడిగుడ్డతో తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసింది. పాపం ఇది ఎప్పుడూ గుర్రుమంటనే ఉంటది, దీనికి గూడ ఇయ్యాల ఆరాం అని స్విచ్ ఆపింది. నా బతుకులో నా మీద జాలిపడిన మనిషి ఆమె ఒక్కతే. ఆ జాలే కొంప ముంచింది. జమ్మి ఆకు పంచుకుని, అటునుంచి అటే అందరూ ఆమె పుట్టింటికి వెళ్లిపోయారు. స్విచ్ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. అరుద్దామంటే, మోటారు ఆగాక నాకు గొంతెక్కడిది?

నాలుగు రోజులకు వాళ్లు తిరిగొచ్చిన సాయంత్రమే శౌరయ్య వచ్చాడు. మర్నాడు ఆస్పత్రిలో చేరాలి. సమ్మయ్య నల్లా తిప్పాడు. గ్లాసు నిండా నురగే, అదీ గోరువెచ్చగా. వాసన చూడగానే గ్లాసు దూరంగా పట్టాడు. బాలమణి స్విచ్ వైపు చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సమ్మయ్య పారబోయబోతుంటే శౌరయ్య గ్లాసు లాక్కుని గుటక వేశాడు. పుండు మండి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పులిసింది బావా," అన్నాడు.

"తాగకు, ఉమ్మెయ్. దుకాణంల సల్లటి సీసా తెస్త."

"వద్దు. ఇంకో గ్లాసు పొయ్యరాదు. పులుపన్న తెలుస్తున్నది గదా. రేపటి సంది అదీ తెల్వది."

సమ్మయ్య పోశాడు. తనూ ఒక గ్లాసు పోసుకుని, మొహం చిట్లించకుండా తాగాడు. బాలమణి నా పక్కకు ఆనుకుని చప్పుడు కాకుండా ఏడ్చింది.

ఆపరేషను తర్వాత శౌరయ్యకు మాట పోయింది. వచ్చి నా పక్కన కూర్చునేవాడు. నా తలుపు తీసి, లోపల అరచెయ్యి పెట్టి, చల్లబడేదాకా ఉంచేవాడు. నేను ఎంత చల్లగా ఉండగలనో అంత చల్లగా ఉండేదాన్ని. ఎండాకాలం దాటకుండానే పోయాడు. సమ్మయ్య మళ్లీ బార్లీ ముట్టలేదు.

మళ్లీ దసరా వచ్చింది. బాలమణి అన్నిటికీ బొట్లు పెట్టింది. కుట్టుమిషను ఆగింది, స్కూటరు ఆగింది. నాకూ దండ వేసి, స్విచ్ దాకా చెయ్యి చాపి, వెనక్కి తీసుకుంది. ఆ రోజు ఆ ఇంట్లో నేనొక్కదాన్నే నడిచాను. నాలో పీపా ఖాళీ.