అద్దంలో పరుగు

ఇంకా తెల్లవారలేదు. అతను కారు చుట్టూ తిరుగుతూ టైర్లను కాలితో తన్ని చూస్తున్నాడు. బస్సు నడిపినన్నాళ్లూ రోజూ చేసిన పనే అది. రిటైరైన సంగతి కాళ్లకు ఇంకా తెలియదు. అద్దం మీది మంచును తడిగుడ్డతో తుడిచాడు. సీట్లో సర్దుకుని, పక్క అద్దాన్ని వేలితో వెంట్రుకవాసి లోపలికి జరిపాడు. లాడ్జిలో ఉన్నవాళ్లందరి నిద్రా చెడేలా హారన్ కొట్టాడు.

కూర్చుంటేనే నిండుగా కనిపించే పొట్టి మనిషి. కిటికీ వైపు చెయ్యి ఎండకు కమిలి నల్లబడింది, రెండోది మాత్రం తెల్లగా ఉంటుంది. మెడ వెనక్కి తిరగడం ఎప్పుడో మానేసింది. వెనక ఏముందో అద్దంలో చూసుకోవడమే అలవాటు.

భార్య సంచీ మోసుకుంటూ మెట్లు దిగి, కమ్మీ పట్టుకుని నిలబడిపోయింది.

"కాస్త ఆయాసంగా ఉందండీ."

"హారన్ కొడితే వచ్చేది ఆయాసం కాదే, బద్ధకం. ఎక్కు."

ఈ ప్రయాణం ఆమె కోరిక. లోకమంతా చూసిన మొగుడని ఇరుగుపొరుగు అనేవారు గానీ, అతను చూసింది రోడ్డే. ఆమె ఆ మాత్రం కూడా చూడలేదు. అతను రిటైరైన రోజున, నోరు తెరిచి ఏదైనా అడగడం అలవాటు లేని ఆ మనిషి, మంచుకొండల కింద ఉన్న నేషనల్ పార్కులు చూద్దామంది. మంచుకొండ ముందు ఒక్కసారి తాపీగా నిలబడాలని, అంతకుమించి ఏమీ వద్దనీ అంది. అతను సరేనన్నాడు. అన్న మరుక్షణమే దాన్ని డ్యూటీ చేసేశాడు. మొదటి పార్కు నిన్న మధ్యాహ్నానికే ముగించాడు. జలపాతాన్ని కారులోంచే చూపించి, "కనిపించిందిగా!" అన్నాడు. రోడ్డు మీదికొచ్చిన జింకను కూడా హారన్ కొట్టి తరిమాడు.

దారిలో టీ తాగుతుండగా కూతురు ఫోన్ చేసింది.

"అమ్మని తొందరపెట్టకు నాన్నా. నెమ్మదిగా అయితేనే వెళ్లమన్నాడు డాక్టరు. ఆ గుండెతో ఎత్తులెక్కడమే ఎక్కువ."

"నెమ్మదిగా వెళ్లడానికి ఇదేమన్నా ఊరేగింపా?" అని అతను ఫోన్ పెట్టేశాడు. ఆమె గ్లాసులోకి చూస్తూ నవ్వింది. అతని మాటలకు నవ్వేయడం ఆమెకు ఏనాడో అలవాటైపోయింది.

అతను చెడ్డవాడని ఎవరూ అనలేదు. తాగడు, జీతం దాచుకోడు, బండితో ఎవరినీ గుద్దలేదు. ఉన్నదల్లా ఒక్క సరదా. బస్సు ఆగిన చోట ఎవరైనా ఆలస్యం చేస్తే బండి కదిపేవాడు. దొడ్డికెళ్లిన ముసలాయనో, పిల్లాడికి బిస్కెట్లు కొంటున్న తల్లో గుండెలు బాదుకుంటూ వెంటపడేవాళ్లు. అందదనుకునేంత వేగం కాదు, అందుతుందనుకునేంత నెమ్మదీ కాదు; ఆ రెంటి మధ్యా బండిని నడపడం అతనికి వెన్నతో పెట్టిన విద్య. పరుగు అద్దంలో పెద్దదవుతూ వచ్చేది, బస్సంతా గొల్లున నవ్వేది, సరిగ్గా అప్పుడు బ్రేకు వేసేవాడు. బండి విలువ తెలియాలంటే ఒకసారి దాని వెంట పరుగెత్తాలనేవాడు. ఆ నవ్వులు విన్న రోజు ఇంటికి వచ్చి రెండు ముద్దలు ఎక్కువ తినేవాడు.

రెండో పార్కులో రోడ్డు మెలికలు తిరుగుతూ పైకెక్కి, కొండలు కనిపించే చోట వెడల్పయింది. ఎదురుగా మంచు, చేత్తో తాకగలిగేంత దగ్గరగా ఉన్నట్టుంది. ఆమె గుక్క తిప్పుకోలేకపోయింది. గాలి తక్కువై కొంత, సంతోషం పట్టలేక కొంత.

"పది నిమిషాలు. మూడో పార్కు గేటు సాయంత్రమే మూసేస్తారు," అన్నాడు.

అతను దిగలేదు. డాష్‌బోర్డు తుడుచుకున్నాడు. తర్వాత హారన్ కొట్టాడు. దూరాన గోడ దగ్గర, ఎవరో కుర్రజంట పక్కన నిలబడి ఉన్న ఆమె, చెయ్యెత్తి ఊపింది. ఆగమంటోంది! ఇన్నేళ్ల సర్వీసులో హారన్ కొట్టాక కూడా తనను చెయ్యెత్తి ఆగమన్న ప్యాసింజరు లేడు. అతను గేరు వేశాడు.

అద్దంలో ఆమె అటూ ఇటూ చూసింది. గబగబా నడిచింది. కారు మలుపు తిరగబోతుంటే పరుగెత్తింది. శాలువా ఒక కొస నేల మీద జీరాడుతోంది, ఒక చెయ్యి గుండె మీద ఉంది, నోరు బార్లా తెరిచి ఉంది. అతనికి కడుపుబ్బ నవ్వొచ్చింది. బ్రేకు వేశాడు. ఆమె తలుపు పట్టుకోబోయే సమయానికి మళ్లీ కదిపాడు. రెండోసారి కదపడం బాగా కావలసినవాళ్లకే.

ఎక్కి కూర్చున్నప్పుడు ఆమె మొహం బూడిద రంగులో ఉంది. మాట రాక, చెయ్యి వెనక్కి చాపింది.

"అక్కడ... అక్కడ..."

"చూసింది చాల్లే."

ఆమె తల కిటికీకి ఆనించుకుంది. కాసేపు ఊపిరి గురగురమంది, తర్వాత సద్దుమణిగింది. అలిగిందనుకున్నాడు. అలిగితే సాయంత్రం దాకా ఉలకదు పలకదు, అది అతనికి తెలిసిందే. వెనకటికి ఒక పెళ్లికొడుకును పరుగెత్తించిన సంగతి చెప్పుకొచ్చాడు, తనే నవ్వుకున్నాడు. ఘాట్ రోడ్డు మీద అతనిది చెయ్యి తిరిగిన డ్రైవింగు. ఇన్ని మలుపుల్లో ఒక్కసారి కూడా ఆమె తల అద్దానికి కొట్టుకోలేదు.

మూడో పార్కు గేటు ఇంకా తెరిచే ఉంది.

"చూశావా, అందుకున్నాం!"

కాపలావాడు వంగి చూశాడు. "ఇద్దరేనా సార్? అమ్మగారికి ఒంట్లో బాలేదా?"

"అలిగిందయ్యా."

కాపలావాడు మరికాసేపు చూశాడు. అటు తిరిగి వెళ్లి తలుపు తీశాడు. తలుపుతోపాటే ఆమె కూడా వాడి చేతుల్లోకి ఒరిగింది. అప్పటికే చల్లబడిపోయింది.

ఆమెను గేటు గదిలో బల్ల మీద పడుకోబెట్టారు. అతను గుమ్మంలో నిలబడి ఉండగా జేబులో ఫోన్ మోగింది. తెర మీద 'ఇల్లు' అని వచ్చింది. ఆమె నంబరును అతను ఆ పేరుతోనే దాచుకున్నాడు. బల్ల వైపు చూశాడు. ఫోన్ ఎత్తాడు.

"అంకుల్, ఆంటీ ఫోను మా దగ్గరే ఉండిపోయింది, తిరిగొస్తారేమోనని ఇంతసేపూ చూశాం," అంది ఒక అమ్మాయి గొంతు. "ఫోటో తియ్యమని ఇచ్చారు. మా ఆయన కూడా వస్తారు, ఇద్దర్నీ కలిపి తియ్యండి అని, రమ్మని మీకు చెయ్యి ఊపారు కూడా. మీరు చూసుకోనట్టున్నారు. ఆంటీ ఉన్నారా? ఒకసారి ఇస్తారా?"

అతను ఫోన్‌ను చెవి నుంచి దించి బల్ల వైపు చాపాడు.

"హలో? వినపడట్లేదు అంకుల్. ఇక్కడ టీ కొట్లో ఇచ్చి వెళ్తున్నాం."

టీ కొట్టువాడు ఆ ఫోన్‌ను బిస్కెట్ల సీసా పక్కన నిలబెట్టాడు. తెర ఆరిపోయేదాకా ఫోటోలో చెయ్యెత్తి పిలుస్తున్న ఆమె, ఆమె వెనక కొండ, పక్కన ఒక మనిషి పట్టేంత ఖాళీ.