మరగబెట్టినా పోని విషం

రసం ఫ్యాక్టరీలో, ఏరి బుట్టలో పారేసిన కుళ్ళు ఆపిల్ పళ్ళను సూపర్‌వైజర్ మళ్ళీ బెల్టు మీద కుమ్మరించాడు. వాటిని ఏరిన నలభై మంది ఆడవాళ్ళు చూస్తూ నిలబడ్డారు.

"ఎలాగూ పిండేవేగా, ఇంత వయ్యారం దేనికి?" అన్నాడు.

పెద్దక్క వేళ్ళకు నీలం బూజు పొడిలా అంటుకుంది. పదకొండేళ్ళుగా ఆ బెల్టు దగ్గరే ఉన్న మనిషి. ఆ రసం డబ్బాలు పిల్లల ఆసుపత్రికి వెళ్తాయని ఆమెకు తెలుసు. చెల్లెలి కూతురు జ్వరంతో అక్కడే ఉంది. నిన్న ఆ రసం తాగి అంతా కక్కేసింది. "పెద్దమ్మా, తడిగోడ వాసనొస్తోంది" అంది. అప్పట్నించీ ముద్ద నోటిదాకా వస్తే పెద్దక్కకు అదే వాసన. కళ్ళు మూసుకుంటే అదే గొంతు.

మధ్యాహ్నం ల్యాబు కుర్రాణ్ణి నిలదీసింది. "తమ్ముడూ, మరగబెడతారుగా, బూజు చావదా?"

"బూజు చస్తుందక్కా. అది వదిలిన విషం పోదు. సర్కారు పెట్టిన హద్దుకి ఆరు రెట్లుంది. కాగితం రాసిచ్చాను, మేనేజరు సొరుగులో పడేశాడు."

"మా పాపకు వాంతులు దానివల్లేనా?"

అతను తల దించుకున్నాడు. "అవునని చెప్పలేను. కాదనీ చెప్పలేను."

బట్టలు మార్చుకునే గదిలో ఆడవాళ్ళంతా పోగయ్యారు.

"పని పోతే మన పిల్లలకెవరు పెడతారు?" అంది మూట మోసే ఆవిడ.

"నిజమే. ఆ డబ్బా మీలో ఎవరైనా ఇంటికి పట్టుకెళ్తారా?" అడిగింది పెద్దక్క.

అందరూ తలలు అడ్డంగా ఊపారు.

"మరి ఎవరి పిల్లల నోట్లో పోస్తున్నాం?"

మూట మోసే ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని, "సరే, పద" అంది.

మర్నాడు పొద్దున్నే పెద్దక్క బెల్టు ఆపేసింది. నలభై మందీ కుళ్ళు పళ్ళ పెట్టెలు మోసుకెళ్ళి గేటు ముందు, లారీలకడ్డంగా గుమ్మరించారు. ల్యాబు కుర్రాడు తన కాగితం నకళ్ళు ఆసుపత్రి గోడకంటించి వచ్చి వాళ్ళతో నిలబడ్డాడు.

మేనేజరు వెంటబెట్టుకొచ్చిన పోలీసులు పెద్దక్కనీ, ల్యాబు కుర్రాణ్ణీ వ్యానెక్కించారు. మూట మోసే ఆవిడ వ్యాను చక్రాల ముందు కూర్చుంది. ఆమెను లాగేలోపు ఇంకో ఆవిడ కూర్చుంది.

అప్పుడొచ్చింది చెల్లెలు, వెనకాల వార్డు తల్లులందరూ. ఒక్కొక్కరి చేతిలో మూత తియ్యని డబ్బా.

"పాప ఎలా ఉందే?" వ్యాను కిటికీ జాలీలోంచి అడిగింది పెద్దక్క.

"రాత్రి నుంచీ కళ్ళు తెరవట్లేదు. కాగితం చదివామక్కా."

చెల్లెలు డబ్బాను మేనేజరు కాళ్ళ ముందు పెట్టి, "మా ఎదుట తాగు" అంది.